నగరం మధ్య హైవేని వెడల్పు చేస్తున్నారా? ప్రణాళికనూ పర్యావరణ సమీక్షనూ అడుగడుగునా ఎలా పరిశీలించాలి

తమ ప్రాంతం మీదుగా పోయే హైవేని వెడల్పు చేస్తున్నారన్న సంగతి చాలామందికి సర్వేవాళ్లు రాళ్లు పాతినప్పుడే తెలుస్తుంది. అప్పటికి ఎన్ని లేన్లు, ఏ వైపుకి జరుగుతుంది, ఎవరి స్థలం పోతుంది అన్నవి చాలావరకు ఖాయమైపోయి ఉంటాయి. ఈ విషయాలు తేలిపోయేది పర్యావరణ సమీక్ష నివేదికలో రెండే రెండు చోట్ల. ఒకటి మొదటి అధ్యాయంలో ప్రాజెక్టు ఉద్దేశం చెప్పే వాక్యం. రెండోది ఎక్కడో వెనక అనుబంధంలో ఉండే ట్రాఫిక్ అంచనాల పట్టిక. శబ్దం, గాలి, నీరు, చెట్లు అంటూ వందల పేజీలున్నా, అవన్నీ ఈ రెండింటి మీదే నిలబడి ఉంటాయి.

రోడ్డు పక్కన ఇల్లో దుకాణమో ఉన్నవాళ్లకీ, వాళ్ల తరఫున మాట్లాడే ప్రజా ప్రతినిధులకీ, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ఇంజనీర్లకీ ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను.

మొదటి అడుగు: సమీక్ష ఏ స్థాయిలో జరుగుతోందో కనుక్కోండి

ఇలాంటి సమీక్షకు ఆధారమైన జాతీయ పర్యావరణ విధాన చట్టం అమెరికాలో 1970 జనవరి 1న వచ్చింది. యూరప్ దేశాలకు ఉమ్మడి ఆదేశం 1985లో వచ్చింది. భారతదేశంలో ఇప్పుడు నడుస్తున్న నోటిఫికేషన్ 2006 సెప్టెంబర్ 14 నాటిది. పేర్లు వేరైనా వరస దాదాపు ఒకటే. అసలు సమీక్ష అవసరమా అని ముందు తేలుస్తారు. ఏయే విషయాలు చూడాలో నిర్ణయిస్తారు. అధ్యయనం చేస్తారు, ప్రజల మాట వింటారు, చివరికి నిర్ణయం తీసుకుంటారు.

మీరు ముందుగా అడగాల్సింది ఈ ప్రాజెక్టును ఏ వర్గంలో పెట్టారు, ఎందుకు పెట్టారు అని. అమెరికాలో మూడు స్థాయిలున్నాయి: సమీక్ష నుంచి మినహాయింపు, చిన్న అంచనా, పూర్తి ప్రభావ నివేదిక. పూర్తి నివేదిక నుంచి ఒక్క మెట్టు దిగినా ప్రజలకు అడిగే అవకాశం, అధికారులకు చూపాల్సిన లెక్క రెండూ తగ్గిపోతాయి. పోర్ట్‌లాండ్ నగరంలో ఐ-5 హైవే రోజ్ క్వార్టర్ విస్తరణకు చిన్న అంచనా మీదే ‘పెద్ద ప్రభావం లేదు’ అని ఇచ్చిన నిర్ణయాన్ని 2022 జనవరిలో ఫెడరల్ హైవే విభాగమే వెనక్కి తీసుకుంది. కాబట్టి వర్గాన్ని ప్రశ్నించడం వృథా పని కాదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చూడాలి. ప్రాజెక్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోంది? ఒకే రహదారిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ పెద్ద సమీక్ష అక్కర్లేదని చెప్పడం కొత్తేమీ కాదు. ఉత్తరాఖండ్‌లో చార్‌ధామ్ రహదారి విస్తరణ మొత్తం సుమారు 900 కిలోమీటర్లు. దాన్ని 53 పనులుగా విడగొట్టారు, ఒక్కోటీ సమీక్షకు హద్దైన 100 కిలోమీటర్ల లోపే. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అది కొండదారే అయినా, నగరాల్లోనూ ఇదే జరుగుతుంది: ఈ ఏడాది ఒక జంక్షన్, రెండేళ్ల తర్వాత పక్క వంతెన, ఆ తర్వాత మధ్యలో మిగిలిన నాలుగు కిలోమీటర్లు. మ్యాప్ తెచ్చుకుని పదేళ్లలో ఆ దారి మీద జరిగినవీ, జరగబోయేవీ అన్ని పనులూ గీయండి. ఒక ముక్క తనంతట తాను ఉపయోగపడకుండా పక్క ముక్క కోసమే ఉందంటే, రెండింటినీ కలిపి సమీక్షించమని అడగడానికి అది గట్టి కారణం.

రెండో అడుగు: ఉద్దేశ వాక్యాన్ని పట్టుకోండి

ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగండి. రెండు వాక్యాలు చూడండి.

‘ప్రస్తుత ఆరు లేన్ల సామర్థ్యాన్ని పెంచి రద్దీని తగ్గించడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం.’

‘రద్దీ వేళల్లో ఈ మార్గంలో ఎక్కువమంది సురక్షితంగా, ఎంత సమయం పడుతుందో ముందే తెలిసేలా ప్రయాణించగలగడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం.’

మొదటి వాక్యంలో జవాబు ముందే ఉంది. సామర్థ్యం పెంచడమే ఉద్దేశమైతే లేన్లు వేయని ఏ ప్రత్యామ్నాయమైనా ‘ఉద్దేశాన్ని నెరవేర్చలేదు’ అన్న ఒక్క మాటతో పక్కకు పోతుంది. బస్సు లేన్, సిగ్నళ్ల మార్పు, రద్దీ రుసుము (రద్దీ ప్రాంతంలోకి వచ్చే బండ్ల మీద వేసే రుసుము), ఏదైనా సరే. రెండో వాక్యంలో అవన్నీ పోటీలో ఉంటాయి. తేడా కొన్ని మాటల్లోనే ఉంది, కానీ ఆ మాటలు రాసేటప్పుడు గదిలో ఉండేది కొద్దిమందే. అందుకే విషయ నిర్ణయ దశలో, అంటే ముసాయిదా నివేదిక రాకముందే, ఈ వాక్యం మార్చమని రాతపూర్వకంగా కోరాలి. ముసాయిదా వచ్చాక అడిగితే ‘అది ఎప్పుడో ఖరారైంది’ అంటారు.

వాక్యం సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి నేను వేసే ప్రశ్న ఒక్కటే: ఇందులో వాహనాలను లెక్కపెడుతున్నారా, మనుషులనా?

మూడో అడుగు: ఇప్పుడున్న రోడ్డును అర్థం చేసుకోండి

నివేదికలో రోజుకు ఇన్ని వేల వాహనాలు అని ఒక అంకె ఉంటుంది. అది ఏ నెలలో, ఏ వారాల్లో, ఎన్ని రోజులు లెక్కించింది? సెలవుల్లో లెక్కిస్తే ఒకలా ఉంటుంది, పక్క రోడ్డు మరమ్మతుల్లో ఉన్నప్పుడు లెక్కిస్తే ఇంకోలా. లెక్క ఐదేళ్ల కిందటిదైతే కొత్త లెక్క అడగండి.

తర్వాత ఇరుకు ఎక్కడుందో చూడండి. రద్దీ సాధారణంగా రోడ్డు పొడవునా పుట్టదు. ఒక ర్యాంపు వచ్చి కలిసేచోట, నాలుగు లేన్లు మూడయ్యేచోట, ముందున్న సిగ్నల్ దగ్గర పుట్టి వెనక్కి పాకుతుంది. సాయంత్రం ఒక గంట పైవంతెన మీద నిలబడి చూస్తే కళ్లకే కనిపిస్తుంది: ఒక చోటు దాటగానే బండ్లు ఒక్కసారిగా వేగం అందుకుంటాయి. ఇరుకు అదే. దానికి వెనక పది కిలోమీటర్లు వెడల్పు చేసినా, అక్కడ వెడల్పు లేకపోతే ఎక్కువ బండ్లు అదే చోటికి వచ్చి ఆగుతాయి. అక్కడ కూడా వెడల్పు చేస్తే ఇరుకు తర్వాతి జంక్షన్‌కి పోతుంది. కాబట్టి విస్తరణ ఆగే చోటుకి అవతల రెండు మూడు జంక్షన్ల దాకా ట్రాఫిక్ విశ్లేషణ ఉందా అని చూడాలి. చాలాసార్లు ఉండదు.

నాలుగో అడుగు: అంచనాల పట్టికను లెక్కకట్టి చూడండి

ఈ గైడ్ మొత్తంలో ఒక్క అడుగే వేయగలిగితే ఇది వేయండి. లెక్కలంటే భయపడక్కర్లేదు, కూడికలూ భాగహారాలే.

అనుబంధంలో ‘ఏమీ కట్టకపోతే’ అన్న పట్టిక వెతకండి. ఇరవై ఏళ్ల తర్వాత రోడ్డు ఇలాగే ఉంటే ఎంత ట్రాఫిక్ వస్తుందో అందులో రాస్తారు. అందులోని ఒక వరస ఇలా ఉందనుకుందాం: ఒక దిశలో మూడు లేన్లు, రద్దీ గంటలో 8,400 వాహనాలు. మూడుతో భాగించండి. లేన్‌కి గంటకు 2,800. హైవే మీద అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు ఒక లేన్ మోయగలిగేది గంటకు సుమారు 2,400 కార్లు. అంతకు మించి పట్టవు. అంటే ఎప్పటికీ రాలేని ట్రాఫిక్‌ని ‘కట్టకపోతే’ పట్టికలో పెట్టారన్నమాట. నిజ జీవితంలో అంత ఆలస్యమైతే జనం వేళ మార్చుకుంటారు, దారి మార్చుకుంటారు, కొన్ని ప్రయాణాలు మానేస్తారు. ఆ సంగతి మరిచిపోయిన అంచనాలో, కట్టకపోతే సర్వనాశనం, కడితే స్వర్గం అన్నట్టు కనిపిస్తుంది. లాభాల లెక్కంతా ఆ తేడా మీదే ఉంటుంది.

తర్వాత ‘కడితే’ పట్టిక తీయండి. రెండు పట్టికల్లోనూ ట్రాఫిక్ ఒకేలా ఉందా? అలాగైతే రోడ్డు వెడల్పయినా ఒక్క ప్రయాణం కూడా కొత్తగా పుట్టదని ఒప్పుకున్నట్టే. అది నిజం కాదని చాలా కాలంగా తెలుసు. అమెరికా ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే దీని గురించి రాశారు. అమెరికా నగరాల మీద ఆర్థికవేత్తలు డ్యురాంటన్, టర్నర్ చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, నగరంలో ప్రధాన హైవేల లేన్-కిలోమీటర్లు (రోడ్డు పొడవుని లేన్ల సంఖ్యతో గుణిస్తే వచ్చేవి) ఎంత శాతం పెరిగితే వాహనాలు తిరిగే దూరం కూడా దాదాపు అంతే శాతం పెరుగుతుందని తేలింది. రోడ్డు ఖాళీగా కనిపిస్తే వేళ మార్చుకున్నవాళ్లు తిరిగి వస్తారు, బస్సు ఎక్కేవాళ్లు కారు తీస్తారు, ఇంకాస్త దూరంలో ఇల్లు కొనుక్కునేవాళ్లూ వస్తారు.

హ్యూస్టన్ నగరంలో కేటీ ఫ్రీవే విస్తరణ 2008లో పూర్తయింది. పక్కనున్న ఫ్రంటేజ్ రోడ్లతో (సర్వీసు రోడ్లతో) కలిపితే కొన్నిచోట్ల 26 లేన్లు. 2011 నుంచి 2014కి వచ్చేసరికి ఆ దారిలో ప్రయాణ సమయం ఉదయం పూట 30 శాతం, సాయంత్రం 55 శాతం పెరిగింది. జనాభా పెరగడం కూడా ఒక కారణమే. కానీ ఆ పెరుగుదలను తట్టుకుంటుందని చెప్పే కదా అన్ని లేన్లూ వేసింది!

మీ ప్రాజెక్టుకి ఈ లెక్క మీరే వేయవచ్చు. మీ మహానగరంలో ఇలాంటి హైవేలు మొత్తం 2,000 లేన్-కిలోమీటర్లు ఉన్నాయనుకుందాం. 20 కిలోమీటర్ల పొడవున రెండు లేన్లు కలిపితే 40 లేన్-కిలోమీటర్లు, అంటే 2 శాతం. ఆ హైవేల మీద ఏడాదికి వాహనాలు తిరిగే దూరం 1,000 కోట్ల కిలోమీటర్లైతే, కొత్తగా వచ్చేది సుమారు 20 కోట్ల కిలోమీటర్లు. నివేదికలో ఈ అంకె సున్నాకి దగ్గరగా ఉంటే, కారణం చెప్పమని అడగండి. కాలిఫోర్నియాలో 2013లో చేసిన ఒక చట్టం వల్ల 2020 జూలై 1 నుంచి పర్యావరణ సమీక్షలో వాహనాల ఆలస్యాన్ని ప్రభావంగా చూడడం మానేసి, వాహనాలు తిరిగే మొత్తం దూరాన్ని కొలతగా తీసుకుంటున్నారు. మీ దగ్గర అలాంటి నియమం లేకపోయినా ఆ లెక్క అడగకూడదని ఎక్కడా ఉండదు.

ఆదా అయ్యే సమయాన్నీ ఒక్కో మనిషికి విడదీసి చూడండి. 12 కిలోమీటర్ల దారిలో సగటు వేగం 40 నుంచి 50కి పెరిగితే ప్రయాణం 18 నిమిషాల నుంచి 14.4 నిమిషాలకు దిగుతుంది. ఆదా మూడున్నర నిమిషాల పైచిలుకు. అదే లక్షల ప్రయాణాలతో, వేల రోజులతో గుణిస్తే భారీ అంకె అవుతుంది. అది అబద్ధం కాదు. కానీ పోగొట్టుకునే ఇళ్లతో తూచేటప్పుడు రెండు రకాల అంకెలూ పక్కపక్కన ఉండాలి.

ఐదో అడుగు: ప్రత్యామ్నాయాలు నిజంగా ప్రత్యామ్నాయాలేనా?

ఎనిమిది లేన్లు, ఎడమవైపు జరిపిన ఎనిమిది లేన్లు, కుడివైపు జరిపిన ఎనిమిది లేన్లు: ఇవి మూడు కావు, ఒకటే. జాబితాలో కనీసం ఉన్న వెడల్పులోనే చేయగలిగిన ఒక పద్ధతి, ప్రజా రవాణా మీద ఆధారపడిన ఒక పద్ధతి, డిమాండ్‌ని తగ్గించే ఒక పద్ధతి ఉండాలని అడగండి. స్టాక్‌హోమ్‌లో 2006లో రద్దీ రుసుము ప్రయోగాత్మకంగా పెట్టినప్పుడు రుసుము పెట్టిన ప్రాంతపు సరిహద్దు దాటే ట్రాఫిక్ సుమారు 20 శాతం తగ్గింది. 2007 నుంచి దాన్ని శాశ్వతం చేశారు.

బస్సు లేన్ లెక్క కూడా మనుషుల్లోకి మార్చి చూడండి. కారుకి సగటున ఒకటిన్నర మంది ఉన్నారనుకున్నా, గంటకు 2,000 కార్లు పోయే లేన్ 3,000 మందిని మోస్తుంది. నిమిషానికో బస్సు, బస్సుకి 60 మంది అయితే 3,600. పైగా ఆ లేన్ ఇంకా చాలావరకు ఖాళీగానే ఉంటుంది.

విస్తరణకు బదులు వెనక్కి తగ్గిన నగరాలూ ఉన్నాయి. సియోల్‌లో చొంగ్యేచొన్ వాగు మీద కట్టిన ఎత్తు రహదారిని 2003 నుంచి తొలగించి, 2005కల్లా వాగుని మళ్లీ బయటికి తెచ్చారు. వేల్స్‌లో న్యూపోర్ట్ చుట్టూ అనుకున్న ఎం4 ఉపశమన రహదారిని 2019లో ప్రభుత్వమే రద్దు చేసింది. మీ దగ్గర ఇవి పనికొస్తాయా లేదా అన్నది వేరే చర్చ. కానీ చూడకుండానే కొట్టేస్తే అది సమీక్ష కాదు.

ఆరో అడుగు: ప్రభావాల అధ్యాయాలు

శబ్దం అధ్యాయంలో ఒక మాట దాదాపు ఖాయంగా కనిపిస్తుంది: ‘పెరుగుదల 3 డెసిబెల్స్ లోపే, చెవికి తెలియదు.’ ఇది ఎలా వస్తుందో తెలుసుకోండి. డెసిబెల్ మామూలు కొలబద్ద కాదు. ట్రాఫిక్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. ట్రాఫిక్ ఒకటిన్నర రెట్లైతే 2 కూడా పెరగదు. కాబట్టి ఈ మాట ఇంచుమించు ఏ విస్తరణకైనా సరిపోతుంది. మీరు చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఒకటి, ఇప్పటికే ఉన్న స్థాయి: రోడ్డు శబ్దం పగలు-సాయంత్రం-రాత్రి కలిపిన సగటుగా 53, రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. రెండు, దూరం: బండ్లు పోయే గీత మీ గోడకు సగం దూరానికి వస్తే దానికదే మరో 3 డెసిబెల్స్ కలుపుతుంది. మూడు, కొలిచిన చోటు: కింద గేటు దగ్గర కొలిచారా, మూడో అంతస్తు పడకగది కిటికీ దగ్గరా? శబ్దాన్ని ఆపడానికి రోడ్డు పక్కన కట్టే గోడ, కింది అంతస్తులో ఉన్నవాళ్లకు 5 నుంచి 10 డెసిబెల్స్ తగ్గిస్తుంది. గోడ మీదుగా రోడ్డు కనిపించే అంతస్తుకి దాదాపు ఏమీ చేయదు.

గాలి విషయంలో నగరం మొత్తం సగటు చూపిస్తే ఒప్పుకోకండి. వాహనాల పొగ ప్రభావం పెద్ద రోడ్డుకు 300 నుంచి 500 మీటర్ల లోపల ఎక్కువగా ఉంటుంది. మ్యాప్ మీద ఆ పట్టీ గీసి, అందులో ఉన్న బడులు, ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు గుర్తించండి. సూక్ష్మ ధూళి కణాలకు (పీఎం 2.5) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన వార్షిక పరిమితి ఘనమీటరుకు 5 మైక్రోగ్రాములు. స్థానిక పరిమితి ఇంతకంటే సడలుగా ఉండొచ్చు, నివేదిక దాన్నే చూపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టమనండి.

నీళ్ల అధ్యాయాన్ని జనం చదవరు, చదవాలి. ఏడు మీటర్ల అదనపు వెడల్పు, పది కిలోమీటర్ల పొడవు అంటే 70,000 చదరపు మీటర్ల కొత్త తారు. 50 మిల్లీమీటర్ల వాన పడితే దాని మీంచి 35 లక్షల లీటర్ల నీరు కిందికి దిగాలి. ఏ కాలువలోకి? ఆ కాలువ ఇప్పటికే పొంగుతోందా? ఆ నీటిలో ఏముంటుందన్నది ఇంకో ప్రశ్న. అమెరికా వాయవ్య తీరంలో వానలు పడగానే వాగుల్లో కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకముందే చచ్చిపోవడానికి కారణం ఏళ్ల తరబడి అంతుపట్టలేదు. టైర్లు పాడవకుండా రబ్బరులో కలిపే ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి మారిన రూపమే దానికి కారణమని 2020లో కనిపెట్టారు. పొగ లేని విద్యుత్ వాహనాలకూ టైర్లు ఉంటాయి కాబట్టి ఈ సమస్య వాటితో పోదు.

ఇక మనుషులు. కూల్చే ఇళ్ల సంఖ్య ఒక్కటే చూడకండి, ఎవరివో చూడండి. హ్యూస్టన్‌లోనే ఐ-45 విస్తరణ వల్ల వెయ్యికి పైగా ఇళ్లు, 300కి పైగా వ్యాపారాలు పోతాయని లెక్క తేలాక, పౌర హక్కుల ఫిర్యాదుల మీద 2021లో ఆ పనికి ఫెడరల్ హైవే విభాగం విరామం పెట్టించింది. 2023లో ఒప్పందం కుదిరాకే పని కదిలింది. అద్దెకుండేవాళ్ల లెక్క విడిగా అడగండి. యజమానికి పరిహారం వస్తుంది, అద్దెవాళ్లకు చాలాచోట్ల ఖాళీ చేయమన్న నోటీసే వస్తుంది.

సిగ్నళ్లున్న రోడ్డైతే దాటే సమయం చూడండి. రెండు లేన్లు పెరిగితే ఏడు మీటర్లు. మామూలుగా నడిచేవాళ్లకు ఆరు సెకన్లు ఎక్కువ. చేతికర్రతో సెకనుకు 0.8 మీటర్లు నడిచే మనిషికి దాదాపు తొమ్మిది. ఆ తొమ్మిది సెకన్లు పచ్చ లైటులో కలిపారా? కలిపితే వాహనాల ఆలస్యం లెక్కలోనూ కలిపారా? ఈ రెండు చోట్లా సంఖ్యలు పొసగవు, నేను ప్రతిసారీ ఇక్కడ వెతుకుతాను.

ఏడో అడుగు: ప్రజాభిప్రాయ సేకరణలో ఏం రాయాలి, ఎలా రాయాలి

సభలో మాట్లాడండి, కానీ దాని మీదే ఆధారపడకండి. లెక్కలోకి వచ్చేది కాగితం. ‘ఈ ప్రాజెక్టు వల్ల మాకు చాలా నష్టం’ అంటే ‘గమనించాం’ అని జవాబొస్తుంది. ఇలా రాయండి: ‘ట్రాఫిక్ అనుబంధంలోని ఫలానా పట్టిక, ఫలానా వరసలో లేన్‌కి గంటకు 2,800 వాహనాలు చూపారు. ఇది రోడ్డు సామర్థ్యాన్ని మించింది. ఈ అంకెను ఎలా తేల్చారో, దీన్ని సరిచేస్తే సమయం ఆదా లెక్క ఎంతకు మారుతుందో వివరించగలరు.’ పేజీ, పట్టిక, తప్పు, కోరేది. ఒక్కో అంశానికి ఒక్కో పేరా. దీనికి ‘గమనించాం’ అని తప్పించుకోవడం కష్టం.

ఒకే ఉత్తరం మీద వెయ్యి సంతకాల కంటే పది వేర్వేరు ప్రశ్నలున్న పది ఉత్తరాలు మేలు. రసీదు తప్పకుండా తీసుకోండి. రేపు కోర్టుకి వెళ్లాల్సి వస్తే జడ్జి చూసేది నిర్ణయం తీసుకున్న రోజుకి ఫైల్లో ఏముందో అదే. మెంఫిస్‌లో ఓవర్టన్ పార్కు మధ్య నుంచి ఐ-40 వేయాలన్నప్పుడు స్థానికులు వేసిన కేసులో 1971లో అమెరికా సుప్రీంకోర్టు అధికారుల నిర్ణయాన్ని ఆ ఫైలు ఆధారంగానే మళ్లీ పరిశీలించమని వెనక్కి పంపింది. వేరే మంచి దారి ఉంటే పార్కుని వాడకూడదని చట్టం అప్పటికే చెబుతోంది. ఆ పార్కులోంచి హైవే ఇప్పటికీ లేదు.

గడువు తక్కువగా ఉంటుందని ముందే సిద్ధపడండి. భారతదేశంలో బహిరంగ విచారణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అమెరికాలో 2023 సవరణతో పూర్తి నివేదికను రెండేళ్లలో, మామూలుగా 150 పేజీల్లో ముగించాలి, కానీ అనుబంధాలు ఆ పేజీల్లోకి రావు. అసలు సరుకంతా అనుబంధాల్లోకి పోతుందన్నమాట. మొదటి రోజే అవన్నీ దించుకుని, నలుగురు నాలుగు పంచుకోండి.

ఎనిమిదో అడుగు: హామీలను పట్టికగా మార్చండి

నష్ట నివారణ అధ్యాయంలో ‘వీలైనచోట’, ‘తగిన విధంగా’, ‘అవసరాన్ని బట్టి’ అన్న మాటలు కనిపించిన ప్రతిచోటా గీత పెట్టండి. అవి హామీలు కావు. వాటి బదులు ఏ కిలోమీటరు దగ్గర, ఎంత ఎత్తు గోడ, రోడ్డు తెరవకముందా తర్వాతా, డబ్బు ఏ పద్దులోంచి, బాధ్యత ఎవరిది అని రాయించండి. చెట్లయితే ఎన్ని నాటారన్నది కాదు, మూడేళ్ల తర్వాత ఎన్ని బతికున్నాయన్నది లెక్క. పని జరిగే ఏళ్లలో ధూళి, రాత్రి పని శబ్దం, మూసేసే దారులు, పైపులైన్లు మార్చేటప్పుడు ఆగే నీళ్లు కూడా ఇందులోకి రావాలి.

ఇవన్నీ ఒకే పట్టికలో పెట్టి అనుమతి షరతులకు జతచేయమని కోరండి. రోడ్డు తెరిచాక మొదటి ఏడాదీ, ఐదో ఏడాదీ వాహనాల లెక్క, శబ్దం, గాలి కొలిచి బయటపెట్టాలన్న షరతు కూడా అందులో ఉండాలి. ఈలోగా మీ వైపు నుంచి చేయాల్సిన పని ఒకటుంది. పని మొదలవకముందే, నివేదికలో కొలిచిన చోట్లలోనే, అదే వేళల్లో, కిటికీల దగ్గర కూడా ఒక వారం పాటు శబ్దాన్నీ గాలినీ మీరే కొలిపించి, తేదీలతో ఫోటోలతో ఆ కాగితాలను మీ ఉత్తరాలున్న ఫైల్లోనే పెట్టండి.